పగులుకి అయిదు వేలు

ఎనభై అంటే మరీ దురాశలా ఉంటుందేమో, అరవై అంటే నాన్నని తక్కువ చేసినట్టవుతుంది, డెబ్భై అంటే ఏ అభిప్రాయమూ లేనివాడు చెప్పే అంకె, డెబ్భై అయిదు అంటే అప్పటికే ఎవరి దగ్గరో ఓడిపోయి వచ్చినవాడి అంకె. పోనీ ఎనభై అని మొదలుపెట్టి అరవై అయిదు దగ్గర ఆగితే? ఆగితే, ఆ తగ్గిన పదిహేను వేలూ నాన్నలో ఏ భాగానివి?

ప్యాసింజరు బండి తిలారు దాటింది. కిటికీ పక్కన కూర్చున్న దేవేంద్ర ఒళ్ళోని ప్లాస్టిక్ ఫైలుని రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. అందులో కలెక్టరాఫీసు అనుమతి కాగితం ఉంది. చనిపోయిన తండ్రి పేరు మీదున్న జోడు గొట్టాల తుపాకిని, లైసెన్సున్న మరొకరికి అమ్ముకోవచ్చునని దాని సారాంశం. ఎంతకి అమ్ముకోవాలో మాత్రం రాయలేదు. మనిషి పుట్టుక నుంచి చావు దాకా అన్నిట్లోనూ వేలు పెట్టే ప్రభుత్వం సరిగ్గా ఇక్కడ మాత్రం అతన్ని స్వేచ్ఛగా వదిలేసింది.

దేవేంద్ర నరసన్నపేటలో ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెబుతాడు. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి ఆగస్టులోనూ బోర్డు మీద రెండు గీతలు గీసి, అవి కోసుకున్న చోట చుక్క పెట్టి, "ఇదే ధర" అంటాడు. పిల్లలు రాసుకుంటారు. ఇప్పుడతని దగ్గర ఒక సప్లై ఉంది, ఒకే ఒక్క తుపాకి. ఒక డిమాండు ఉంది, ఒకే ఒక్క మాజీ హవల్దారు. ఈ రెండు గీతలూ రైలు పట్టాల్లాగా కోటబొమ్మాళి నుంచి విజయనగరం దాకా పక్కపక్కనే పోతున్నాయి గానీ ఎక్కడా కోసుకోవడం లేదు.

"ఎంతొస్తే అంతకి ఇచ్చేసి రండి," అంది పొద్దున్న భార్య శైలజ, టిఫిను పెడుతూ. "ఒక్క అంకె కోసం మూడు నెలల్నించి నిద్రపోవట్లేదు మీరు. అమ్మితే తుపాకి పోతుంది గానీ మామయ్యగారు పోరు."

ఆమె సైకాలజీ చదవలేదు. చదివి ఉంటే ఇంత సూటిగా చెప్పగలిగేది కాదు.

తండ్రి గణపతిరావు పోయి పధ్నాలుగు నెలలైంది. ఊళ్ళో ఆయన్ని తుపాకి నాయుడు అనేవారు. ఆ తుపాకి యాభై ఏళ్ళలో ఒక్క ప్రాణిని చంపలేదు. అది ఇంట్లో ఉందని తెలిసి అడవిపందులు చెరుకుతోట వైపు రావడం మానేశాయని ఆయన చెప్పేవాడు. పందులు మాత్రం ఆ మాట ఎప్పుడూ ఒప్పుకోలేదు, చెరుకు తింటూనే ఉన్నాయి. తుపాకి గొప్పంతా ఎన్నికలప్పుడు బయటపడేది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. గణపతిరావు ఇస్త్రీ పంచె కట్టుకుని, కాన్వాసు సంచిలో ఉన్న తుపాకిని పాలేరు అసిరయ్య భుజాన వేయించి, కోటబొమ్మాళి నడివీధిలో మెల్లగా నడుచుకుంటూ వెళ్ళేవాడు. స్టేషన్లో కుర్చీ వేసేవారు. రశీదు ఇచ్చేవారు. పంచాయతీ ఎన్నికలు, సొసైటీ ఎన్నికలు, అసెంబ్లీ, మధ్యంతరం, ఉపఎన్నిక. ఆ చుట్టుపక్కల ఏ రౌడీషీటరూ అన్నిసార్లు స్టేషన్ గడప తొక్కి ఉండడు. అభ్యర్థుల్లో ఎవరు ఓడినా, ప్రతి ఎన్నికలోనూ నాన్న గెలిచేవాడు.

ఇక దసరా. పొద్దున్న అమ్మ జగ్గమ్మ నాగలికీ, గొడ్డలికీ, తుపాకికీ కలిపి ఆయుధపూజ చేసేది. సాయంత్రం గెడ్డ వాగు ఒడ్డున జమ్మిచెట్టు దగ్గర ఊరంతా చేరాక, గణపతిరావు అటూ ఇటూ చూడకుండా, "కాల్చరా అసిరా," అనేవాడు. అసిరయ్య ఆకాశంలోకి ఒక్క తూటా పేల్చేవాడు. కాకులు లేచేవి. మర్నాడు ఊరు, "తుపాకి నాయుడు తుపాకి పేల్చాడు," అని చెప్పుకునేది. దొర తన చేత్తో పేల్చడు, పేల్పిస్తాడు. దేవేంద్ర చిన్నప్పుడు దొరతనమంటే ఏమిటో నేర్చుకున్నది ఆ నోటిమాటలోనే.

పదకొండో ఏట, ఎనభై నాలుగు దసరాకి, నాన్న పద్ధతి మార్చాడు. "ఈసారి నా కొడుకు కాలుస్తాడు," అన్నాడు. బంతిపూలు చుట్టి పసుపు పూసి ఉన్న తుపాకిని అతని చేతుల్లో పెట్టాడు. అంత బరువు ఉంటుందని అతనికి తెలీదు. అందరూ చూస్తున్నారు. చేతులు వణికాయి, తుపాకి జారింది. కింద రాయి మీద పడింది. ఠక్. ఆ చప్పుడు దేవేంద్రకి ఈరోజుకీ వినిపిస్తుంది. క్లాసులో సుద్దముక్క విరిగినా వినిపిస్తుంది.

తర్వాత పది రోజులకి నాన్న అతన్ని గదిలోకి పిలిచి, భుజానికి ఆనే తుపాకి బట్టు మీద చెక్క పగిలిన చోట బిగించిన ఇత్తడి పట్టీ చూపించాడు. "చూశావా? ఇది నీ సంతకం," అన్నాడు. ఆ తర్వాత ఆ సంతకాన్ని ప్రతి సందర్భంలోనూ వాడుకున్నాడు. ఇంజనీరింగు సీటు రానప్పుడు వాడాడు. మేనమామతో గొడవలో నోరెత్తనప్పుడు వాడాడు. లెక్చరర్ ఉద్యోగం వచ్చినప్పుడు కూడా వదల్లేదు. "తుపాకి నిలవని చేతికి సుద్దముక్క చాల్లే," అన్నాడు, మిఠాయి నోట్లో వేసుకుని.

అందుకే ఎనభై వేలు. ఆ అంకె వెనక తర్కం దేవేంద్రకి తెలుసు. నాన్న గొప్పవాడైతేనే, అంత గొప్పవాడి ముందు తను చిన్నబోవడం సహజం అవుతుంది. తుపాకి ఇరవైకో పాతికకో పోతే ఇన్నాళ్ళూ ఎవరికి భయపడ్డట్టు? ఇరవై వేల వస్తువుకి యాభై రెండేళ్ళ మనిషి చిన్నబోయాడంటే అది మార్కెట్ వైఫల్యం.

ఫైలులో ఇంకో కాగితం కూడా ఉంది. కొనేవాడికి ఏదీ దాచకూడదని తనే తెల్లకాగితం మీద వివరాలు రాసుకున్నాడు: రకం, గొట్టం పొడవు, నంబరు. చివర "లోపాలు" అని పెట్టి రెండు వాక్యాలు: "చెక్క బట్టు మీద పగులు కలదు. 1984 దసరా నాడు నా చేతిలోంచి జారి రాతి మీద పడినందువల్ల ఏర్పడినది." దాని కింద "ధర" అని రాసి ఖాళీ వదిలాడు.

క్రితం రాత్రి శైలజ అది చదివి, "ఇది అమ్మకం కాగితమా, క్షమాపణ పత్రమా?" అంది.

పొందూరు వచ్చింది, పోయింది. చీపురుపల్లి దగ్గర డెబ్భై ఎనిమిది అనుకున్నాడు.

విజయనగరంలో ఆయుధాల కొట్టు బయటినుంచి చూస్తే బంగారం కుదువపెట్టుకునే చోటులా ఉంది. ఇనుప కటకటాల తలుపు, రెండు కెమెరాలు, లోపల ఒక అగరుబత్తి. నాన్న పోయాక తుపాకిని ఇక్కడే అప్పజెప్పి ఉంచారు. కొట్టు యజమాని నాగబాబు అరవై దాటిన మనిషి. ముక్కు మీద కళ్ళజోడు, చేతికి నూనె మరకలు, మాటకి ముందు చిన్న నవ్వు.

ఎదురు బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. నిటారుగా కూర్చున్నవాడు సింహాచలం, మాజీ హవల్దారు, నలభై అయిదేళ్ళుంటాయి. పక్కన ఒదిగి కూర్చున్న ముసలాయన అతని తండ్రి. అసిరయ్య. ఇరవై ఏళ్ళ కిందట ఊరొదిలి కొడుకు దగ్గరికి వచ్చేశాడు. నాన్న పెద్దకర్మకి వచ్చి, పంక్తిలో చివర కూర్చుని తిని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

"ఎలా ఉన్నావు అసిరయ్యా?" అన్నాడు దేవేంద్ర.

ముసలాయన జవాబివ్వలేదు.

"ఆ సెవి పని సెయ్యదు మేస్టారూ. ఇటేపు రండి," అన్నాడు సింహాచలం.

దేవేంద్ర రెండో వైపుకి వెళ్ళి మళ్ళీ అడిగాడు. అసిరయ్య మొహం విప్పారింది. "బాబూ! బాగున్నారా? నాయుడుగారు పోయినాక ఇల్లు ఏటి సేసినారు?" అంటూ లేవబోయాడు. కొడుకు అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టేశాడు.

తండ్రికి తను బాబు, కొడుక్కి మేస్టారు. ఒక తరంలో తను ఎంత తగ్గాడో దేవేంద్ర లెక్కవేసుకున్నాడు. ఇంకా బేరం మొదలవకుండానే మొదటి తగ్గింపు.

"తుపాకి మంచీ సెడ్డా మా అయ్యకి తెలిసినట్టు ఎవులికీ తెల్దు. అందుకే తీసుకొచ్చినాను," అన్నాడు సింహాచలం. "ముందే సెప్పేస్తన్నాను మేస్టారూ. బ్యాంకు డబ్బుల బండి మీద గన్‌మేన్ పని ఉన్నాది నాకు. సొంత తుపాకుంటే నెలకి ఇరవై ఒకటి ఇస్తారంట. లేకపోతే ఒట్టి వాచ్‌మేన్ కింద పదమూడు. సోమారం లోపల తుపాకి సూపించాలి."

"అంటే మనిషికి పదమూడు, తుపాకికి ఎనిమిది," అన్నాడు దేవేంద్ర, అలవాటు కొద్దీ.

"కదా! పదిహేడేళ్ళు సరిహద్దులో ఉన్నోడికి పదమూడు. మూల పడున్న ఇనప గొట్టానికి ఎనిమిది. అది తిండి తినదు, సెలవడగదు."

నాగబాబు లోపలి గదిలోంచి కాన్వాసు సంచి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. నాడాలు విప్పి తుపాకి బయటికి తీశాడు. దేవేంద్ర గుండె ఒకసారి పదకొండేళ్ళదై మళ్ళీ యాభై రెండుకి వచ్చింది. గుర్తున్నంత పొడుగ్గా లేదు. పాత గొడుగులా ఉంది.

"ఇంగ్లీషు తుపాకి అన్నారు కదండీ ఫోన్లో?"

"అవును. బర్మింగ్‌హామ్‌ది. నాన్నగారు చెప్పేవారు."

నాగబాబు భూతద్దం పెట్టి గొట్టం కింద చూశాడు. నవ్వాడు. "ఇంగ్లీషు అక్షరాలున్నాయండీ. అంతవరకు నిజం. తుపాకి మన దేశంలో చేసిందే. మంచిదే, కాదనను. శుభ్రంగా ఉంటే ముప్ఫై అయిదు దాకా పలుకుతుంది."

ఎనభై నుంచి ముప్ఫై అయిదుకి నలభై అయిదు వేలు. ఒక్క భూతద్దానికి అంత ఖర్చయింది.

నాగబాబు తుపాకిని మడత దగ్గర వంచి తెరిచి, రెండు గొట్టాలనీ వెలుగు వైపు తిప్పి కన్ను పెట్టాడు. నవ్వు ఆగింది. ఒక పొడుగాటి ఊచకి గుడ్డ చుట్టి లోపలికి తోసి బయటికి లాగాడు. గుడ్డ కుంకుడు రంగులో వచ్చింది. దాని మీద ఏదో చిన్నది అంటుకుని ఉంది. గోటితో తీసి చూపించాడు.

"బియ్యం గింజ," అన్నాడు. "పసుపు కలిపిన బియ్యం. అక్షింతలండీ. ఇది తుపాకా, దేవుడి గదా?"

"మా అమ్మ ప్రతి దసరాకీ పూజ చేసేది."

"పూజ చేసుకోవచ్చండి, తప్పు లేదు. బయట చేసుకోవాలి. ఈ తల్లి లోపల కూడా చేసినట్టుంది. తుప్పు పట్టి గుంటలు పడిపోయింది."

అసిరయ్యకి మంచి చెవి అటే ఉంది. "కొబ్బరినీల్లు పోసీవోరండి అమ్మగారు, రెండు గొట్టాల్లోనూ. వద్దమ్మా, తుప్పట్టిపోతాదమ్మా అంటే, అమ్మోరి నోట్లో నీల్లు పొయ్యొద్దంటావేట్రా అని తిట్టీవోరు. ఆ రాత్రికి నేను గుడ్డెట్టి తుడిసి, ఆముదం రాసీసీవోడిని. నేనొచ్చేసినాక ఎవులు తుడిసినారో మరి."

ఎవరూ తుడవలేదు. దేవేంద్రకి తెలుసు. అసిరయ్య వెళ్ళిపోయాక నాన్న పేల్పించడం మానేశాడు. "ఈ కాలం వాళ్ళకి పేల్చే అర్హత లేదు," అన్నాడు. అమ్మ మాత్రం పోయేదాకా పూజ మానలేదు. పదిహేనేళ్ళు భక్తి ఒక్కటే మిగిలింది, ఆముదం లేదు. భక్తి లోపల గుంటలు చేసింది.

"తుప్పుకి ఎనిమిది వేలు తీసేయండి," అన్నాడు నాగబాబు.

"అంత ఎందుకు?"

"గొట్టాలు లోపల సాఫు చేయించాలండీ. నాకూ తిండి తినే పిల్లలున్నారు." బట్టు వైపు తిప్పి ఇత్తడి పట్టీ మీద వేలు రాశాడు. "ఇదేమిటి? పగులా?"

దేవేంద్ర గొంతు సవరించుకున్నాడు. ఈ ఘట్టం కోసమే కదా కాగితం రాసుకున్నది. "అవును. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అది నా వల్లే. చిన్నప్పుడు నా చేతిలోంచి..."

"ఎవరి వల్లైతేనేం లెండి. పగులుకి అయిదు వేలు తగ్గింపు. ఇరవై రెండు."

అంత తేలిగ్గా అనేశాడు. ఎవరి వల్లైతేనేం. నలభై ఒక్క ఏళ్ళు రాత్రుళ్ళు ఇంటి దూలాలు లెక్కపెడుతూ పడుకున్నవాడి అవమానానికి బజారు ధర అయిదు వేలు. సంవత్సరానికి నూటపాతిక కూడా పడదు. దేవేంద్రకి ఒళ్ళు మండింది. తగ్గించినందుక్కాదు. కనీసం పదన్నా తగ్గించి ఉంటే బావుండుననిపించింది.

"అంత పెద్ద పగులుకి అయిదేనా?" అన్నాడు.

ముగ్గురూ అతని వంక చూశారు. అమ్మేవాడే ఇలా అడగడం ఆ కొట్టు చరిత్రలో మొదటిసారి అయి ఉంటుంది.

"మేస్టారు బేరం తిరగేసి ఆడతన్నారేటి?" అన్నాడు సింహాచలం.

"ఎంత లోతో చూస్తే తెలుస్తుంది," అని నాగబాబు చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. నాలుగు మరమేకులు బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కదానికి నూనె చుక్క వేసి, తిప్పి, పట్టీని ఊడదీశాడు. దాని లోపలి వైపు మురికి తుడిచి భూతద్దం కింద పెట్టాడు. "పనివాడు శ్రద్ధగలవాడేనండీ. గిన్నెల మీద పేర్లు కొట్టినట్టు చుక్కలతో తారీకు కొట్టాడు. పన్నెండు, మూడు, డెబ్భై అయిదు."

"ఎనభై నాలుగు," అన్నాడు దేవేంద్ర.

"ఏడూ అయిదూ అండీ."

"సరిగ్గా చూడండి. పదో నెల, ఎనభై నాలుగు అయి ఉంటుంది."

నాగబాబు పట్టీనీ భూతద్దాన్నీ అతని వైపు జరిపాడు. చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. 12-3-75. దేవేంద్రకి అప్పటికి ఏడాదిన్నర. ఆ వయసులో అతని చేతిలోంచి పడగలిగినవి మరమరాలు.

బల్ల మీద అసిరయ్య దగ్గినట్టు నవ్వాడు. "అదా! నరసన్నపేట కంసాలి ఏసినాడు బాబూ అది. నేనే మోసుకెల్లినాను."

"డెబ్భై అయిదులోనా? అప్పుడెందుకు పగిలింది?"

ముసలాయన కొడుకు వంక చూశాడు, తర్వాత తన చేతుల వంక చూసుకున్నాడు. "సెప్పనని మాటిచ్చినాను. ఆయన బతికున్నాల్లకే కదా మాట. ఇప్పుడు సెప్పొచ్చేమో."

"చెప్పు."

"తుపాకి కొత్తగా తెచ్చినారు. జీడితోటలోకి నన్నొక్కడినే తీసికెల్లినారు, పేల్చి సూద్దారా అని. పేల్చినారు. అదో, గుర్రం తన్నినట్టు భుజమ్మీద తన్నింది. తుపాకి ఇసిరీసినారు. ఎల్లి బండమీద పడ్డాది, పగిలిపోయింది. ఆయన రెండు సెవులూ మూసుకుని కింద కూకుండిపోయినారు. ఏడుపొచ్చీసింది. పంచె కూడా..." అసిరయ్య ఆగాడు. "మద్దేనం దాకా అక్కడే కూకున్నాం. నా పంచె ఆయనకిచ్చినాను. నేను తువ్వాలు కట్టుకుని ఇంటికొచ్చినాను. ఎవులికీ సెప్పకురా అసిరా అన్నారు. అంతే. మల్లీ దాన్ని భుజానికెత్తలేదు. కాల్చరా అంటే నేను కాల్చీవోడిని."

"మరి నేను?" దేవేంద్ర అతని మంచి చెవి వైపుకి జరిగాడు. "నేను పడేశాను కదా? దసరా నాడు, రాయి మీద?"

"రాయేటి బాబూ? జమ్మిసెట్టు కాడ రాయెక్కడున్నాది? గెడ్డ ఇసక కదా అంతా. మెత్తగా పడ్డాది, సప్పుడు కూడా లేదు. నేనే తీసి, ఇసక దులిపి, పేల్చినాను. దానికేటీ కాలేదు."

చప్పుడు కూడా లేదు.

దేవేంద్ర గెడ్డ ఒడ్డుని తలుచుకున్నాడు. నిజమే, ఇసక. దసరాల్లో కాళ్ళు మడమల దాకా దిగబడేవి. మరి ఆ రాయి ఎక్కడినుంచి వచ్చింది? ఆ ఠక్ ఎవరు చేశారు? పట్టీ చూపించేదాకా తుపాకిని అతను సంచిలోనో బంతిపూల కిందనో తప్ప చూడలేదు. నాన్న పట్టీ చూపించిన రోజున, పగులు ఉంది కాబట్టి చప్పుడు కూడా అయి ఉండాలని, చప్పుడు కావాలంటే రాయి ఉండాలని, పదకొండేళ్ళ బుర్ర ఒక్కొక్కటే మోసుకొచ్చి పేర్చుకుని ఉంటుంది. మంచి విద్యార్థి. అడగకుండానే ఆధారాలన్నీ సమకూర్చాడు.

"ఆ పగులు మీ మీద ఏసినారా ఆయన?" అన్నాడు అసిరయ్య, మెల్లగా అర్థమై. "అయ్యో. అచ్చం ఆయనలాగే వణికినారు కదా మీరు ఆ రోజు. ఆయన మొకం సూసినాను నేను. కోపం కాదు బాబూ అది. బయపడిపోయినారు."

అచ్చం ఆయనలాగే. ఈ మాట కోసం దేవేంద్ర జీవితమంతా ఎదురుచూశాడు. తీరా వచ్చింది, ఈ అవతారంలో. పొలం పంచుకోవడానికి సర్వేయరు కావాలి, ఇంటికి స్టాంపు డ్యూటీ కట్టాలి. భయం మాత్రం ఏ కాగితమూ లేకుండా తండ్రి పేరునుంచి కొడుకు పేరుకి మారిపోతుంది. పైగా పగులు కూడా కలిపి ఇచ్చాడు. తన దగ్గర ఉంచుకోలేక.

నవ్వు వచ్చింది. పైకి నవ్వలేదు. నవ్వితే ఏడుపులా వినిపించే ప్రమాదం ఉంది.

"అయితే మేస్టారూ," అన్నాడు సింహాచలం, వేళ్ళు మడుస్తూ, "తుప్పుకి ఎనిమిది తగ్గించినారు, పగులుకి అయిదు తగ్గించినారు. మా అయ్య సెవికి ఎంత తగ్గిస్తారు? ఏడాదికో తూటా, తుడిసినప్పుడల్లా సూసుకోడానికి ఇంకోటి. ఈ ఎడమసెవి దాని పక్కనే పోయింది."

నాగబాబు తుపాకి మీదనుంచి తలెత్తకుండా, "చెవులకి మా దగ్గర రేటు లేదండీ," అన్నాడు.

దేవేంద్ర మనసు వెంటనే లెక్కకి దిగింది. అది దాని జబ్బు. రెండు వేలంటే బూతు. పదంటే లంచం. మొత్తం ఉచితంగా ఇచ్చేస్తే? ఇచ్చేసి, "తీసుకో అసిరయ్యా, నీదే," అంటే? ఆ దృశ్యం కళ్ళముందు కదిలింది. ముసలాయన చేతులు జోడిస్తాడు, నాగబాబు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు, తను ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉంటాడు. అటూ ఇటూ చూడకుండా. చాలా బావుంది. అచ్చంగా నాన్నే. ఎవరో పేల్చిన తూటాకి మళ్ళీ తను పేరు తెచ్చుకోవడం.

"నోర్ముయ్యరా," అన్నాడు అసిరయ్య కొడుకుతో. "నా సెవి అమ్మకానికి తేలేదు. తుపాకి సంగతి సూడు. గొట్టాలు సాఫు సేయిస్తే గట్టిదే అది. ఇరవై రెండు నాయమే."

"ఇరవై సెయ్యండి మేస్టారూ," అన్నాడు సింహాచలం, వెంటనే మామూలు గొంతులోకి దిగి. "ఇరవైకి తెగ్గొట్టీండి. సాఫు సేయించడానికి నాకూ కర్సున్నాది."

ఎనభై వేల మనిషి అప్పటికే కొట్టులోంచి వెళ్ళిపోయాడు. ఎప్పుడు వెళ్ళాడో దేవేంద్ర చూడలేదు. మిగిలినది, గుంటలు పడ్డ రెండు గొట్టాలు, పగిలిన ఒక చెక్క, ఇత్తడి పట్టీ. దేనికి ఎంతో తెలిసినతను తెలిసినంత చెప్పాడు. పేల్చినతను ఒప్పుకున్నాడు. ఇంత నిక్కచ్చిగా రెండు గీతలు కోసుకోవడం ఇరవై ఆరేళ్ళలో బోర్డు మీద కూడా జరగలేదు.

"ఇరవై రెండు," అన్నాడు. "సాఫు ఖర్చు అందులో తీసేశారు కదా. ఇరవై ఒకటీ కాదు, ఇరవై మూడూ కాదు."

సింహాచలం తండ్రి మొహం చూశాడు. ముసలాయన తలూపాడు. "సరే కానీండి," అన్నాడు సింహాచలం.

"వివరాల కాగితం ఏదో తెస్తానన్నారు ఫోన్లో?" అడిగాడు నాగబాబు, పట్టీని మళ్ళీ దాని చోట పెట్టి మొదటి మరమేకు బిగిస్తూ. "నకలు తీసి ఫైల్లో పెట్టుకుంటాను."

దేవేంద్ర ప్లాస్టిక్ ఫైలు తెరిచాడు. కాగితం కౌంటరు మీద పరిచి, "ధర" ఎదురుగా ఇరవై రెండు వేలని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశాడు. ఇచ్చేయబోయి ఆగాడు. పైన "లోపాలు" అన్న చోట తన చేతిరాత పొందిగ్గా, వంకర లేకుండా, మంచి మార్కులు వచ్చే పిల్లాడి రాతలా ఉంది. చెక్క బట్టు మీద పగులు కలదు. అది నిజమే. అదలాగే ఉంచాడు. రెండో వాక్యం మొదట్లో పెన్ను ఆనించి, ఈ చివరనుంచి ఆ చివరదాకా, తొందరపడకుండా, ఒక్క గీత గీశాడు.